మగ్గం మీద ముస్సోలినీ: హన్నా రిగ్గెన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నార్వే టాపెస్ట్రీ (మగ్గం మీద నేసే బొమ్మ) కళాకారిణి హన్నా రిగ్గెన్ గురించి ఎక్కడ మాట్లాడినా కొన్ని ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. వాటికి జవాబులు ఒకచోట పెడుతున్నాను. నేను నేతవాణ్ణి కాను. మగ్గం చప్పుడు వినపడే ఊళ్లో పెరిగాను, అంతే. అందుకని నా జవాబులు కాస్త మగ్గం వైపే మొగ్గుతాయి. ఆర్ట్ గ్యాలరీ భాష ఇష్టపడేవాళ్లు సర్దుకోవాలి.

ఎవరీ హన్నా రిగ్గెన్?

1894 మార్చి 21న స్వీడన్‌లోని మాల్మోలో పుట్టింది. 1970 ఫిబ్రవరి 2న నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో చనిపోయింది. ఈ రెంటికీ మధ్య, సముద్రపు ఒడ్డున ఒక చిన్న కమతంలో, కరెంటూ కుళాయీ లేని ఇంట్లో కూచుని ఇటలీ నియంత ముస్సోలినీని, హిట్లర్‌ని మగ్గానికెక్కించింది. ఉన్ని తనే వడికేది, రంగు తనే వేసేది, బొమ్మ తనే నేసేది. జీవితకాలంలో వంద వరకూ టాపెస్ట్రీలు నేసింది. పెద్దవి మూడు నాలుగు మీటర్ల పొడవుంటాయి.

పేరు ఎలా పలకాలి?

నార్వేవాళ్ల నోట 'రిగ్గెన్'లో మొదటి అచ్చు ఇకారానికీ ఉకారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. మూతి సున్నాలా చుట్టి 'రి' అనండి, దగ్గరికొస్తారు. మనకి ఆ అచ్చు లేదు కాబట్టి రిగ్గెన్ అనే రాస్తున్నాను.

స్వీడన్‌లో పుట్టింది కదా, నార్వే కళాకారిణి ఎలా అయింది?

పెళ్లితో. మాల్మోలో టీచరు శిక్షణ పూర్తి చేసి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ, పక్కనే ఉన్న లుండ్‌లో డెన్మార్క్ చిత్రకారుడు ఫ్రెడ్రిక్ క్రెబ్స్ దగ్గర ఆరేళ్లు బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1922లో చిత్రకళ చూసొద్దామని జర్మనీలోని డ్రెస్డెన్‌కి వెళ్లింది. అక్కడ నార్వే చిత్రకారుడు హాన్స్ రిగ్గెన్ కలిశాడు. మరుసటి ఏడు పెళ్లి, 1924లో కూతురు మోనా. అదే ఏడు ముగ్గురూ ట్రోన్‌హైమ్ ఫ్యోర్డ్ (నేలలోకి చొచ్చుకొచ్చిన పొడుగాటి సముద్రపు పాయ) సముద్రంలో కలిసే చోట ఉన్న ఓర్లాండె అనే పల్లపు ద్వీపకల్పానికి చేరారు. గాలి ఎక్కువ, చెట్లు తక్కువ, డబ్బు అసలే తక్కువ. ఇల్లు తామే కట్టుకున్నారు, పశువుల్ని పెంచారు, పంట వేశారు.

ఆమె పేరు నిలబెట్టిన బట్టలన్నీ నార్వేలో, నార్వే గొర్రెల ఉన్నితో, నార్వే మొక్కల రంగుతో నేసినవే. స్వీడన్‌వాళ్లు మా అమ్మాయే అంటే కాదనలేం. ఆ తగవు వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

ఆరేళ్లు పెయింటింగ్ నేర్చుకున్న మనిషి మగ్గం దగ్గరికి ఎందుకు వచ్చింది?

నూనె రంగులు కొనాలి. ఉన్ని పెరట్లోనే ఉంది. ఇది నా లెక్క, దాన్ని పూర్తి జవాబనుకోకండి. హన్నాకి పల్లె ఆడవాళ్ల పాతకాలపు నేత మీద గురి కుదిరింది. నేత పాఠశాలకి పోకుండా చాలావరకు సొంతంగా నేర్చుకుంది. మగ్గం భర్తే చేసిపెట్టాడు. ఆయన బొమ్మలు వేసేవాడు, ఆమె నేసేది. ఇప్పుడు ఆయన పేరు ఎక్కువగా ఆమె కథలోనే వినిపిస్తుంది.

చిత్రకారిణిగా నేర్చింది మాత్రం వదల్లేదు. ఆమె టాపెస్ట్రీల్లో మనుషుల్ని చూడండి: పక్కకి తిరిగిన మొహాలు, పెద్ద పెద్ద కళ్లు, రంగుకి రంగు అడ్డంగా తగలడం. చేతికి కుంచె అలవాటున్న మనిషి పని అని తెలిసిపోతుంది.

టాపెస్ట్రీ అంటే ఏమిటి? మన చీర నేతకీ దానికీ తేడా ఏమిటి?

నార్వే భాషలో దాన్ని 'బిల్లెడ్‌వెవ్' అంటారు, మాటకి మాట చెప్తే బొమ్మనేత. నాకు టాపెస్ట్రీ కన్నా ఆ మాటే నచ్చుతుంది.

మామూలు బట్టలో పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డం పోగులు) రెండూ కనిపిస్తాయి. పేక ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నాడెతో ఒక్క పరుగున పోతుంది. టాపెస్ట్రీలో అట్లా కాదు. పడుగు గట్టిగా బిగించి ఉంటుంది, తరచు నారదారంతో, కానీ నేశాక అది కంటికి కనపడదు. పైనున్నదంతా పేకే. ఆ పేక కూడా బారంతా పోదు. ఎర్ర చొక్కా ఉన్నంత మేర ఎర్ర ఉన్ని వెళ్లి వెనక్కి తిరుగుతుంది, పక్కన ఆకాశం ఉన్నంత మేర నీలం ఉన్ని వెళ్లి వెనక్కి తిరుగుతుంది. రంగు రంగుకీ ఒక చిన్న ఉండ. వరసకి ఇరవై ఉండలు వేలాడుతున్నా ఆశ్చర్యం లేదు. ప్రతి వరసనీ దువ్వెన లాంటి పనిముట్టుతో కిందికి కొట్టి కూరుతారు.

ఉప్పాడ జామ్‌దానీ చూసినవాళ్లకి ఇది సగం తెలిసినట్టే. బుటా బుటాకీ వేరే కండె పెట్టి చేత్తో అల్లుతారు కదా. తేడా ఏమిటంటే జామ్‌దానీలో కింద మామూలు బట్ట ఒకటి నడుస్తూనే ఉంటుంది, బుటా దానికి అదనం. టాపెస్ట్రీలో అదనమంటూ లేదు, బొమ్మే బట్ట. మరి రెండు రంగులు ఆనుకునే చోట చీలిక రాదా? వస్తుంది. కొందరు దాన్ని అట్లాగే వదిలేస్తారు, కొందరు పోగుని పోగుతో మెలేస్తారు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసేచోట కుప్పడం నేతలో చేసేదీ ఇలాంటి మెలికే.

ఇంకొకటి. దీంట్లో తొందర ఉండదు. ఒక పెద్ద బట్టకి నెలలు పడుతుంది.

ముందు బొమ్మ గీసుకోకుండా నేసేదట, నిజమా?

నిజం. యూరప్ టాపెస్ట్రీ కార్ఖానాల్లో చిత్రకారుడు బట్ట సైజులోనే ఒక నమూనా గీసి ఇస్తాడు, నేతగాళ్లు దాన్ని పోగు పోగునా దించుతారు. హన్నా ఆ నమూనా పెట్టుకునేది కాదు. బొమ్మ తలలో ఉంటుంది, చెయ్యి నేస్తూ పోతుంది.

ఇది ఎంత సాహసమో నేత తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాన్వాసు మీద చెయ్యి తప్పితే పైన ఇంకో పూత వేయొచ్చు. మగ్గం మీద మూడు నెలల కిందట నేసిన మోచేయి ఇవాళ నచ్చకపోతే అక్కడిదాకా ఊడదీయాలి. పైగా నేసినంత మేరా కర్రకి చుట్టుకుపోతుంటుంది కాబట్టి మొత్తం బొమ్మ ఒకేసారి కళ్లబడేది బట్ట మగ్గం దిగాకే.

రంగులు ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఆ మూత్రం కథ నిజమేనా?

రెండో ప్రశ్న ముందు. నిజమే. ఎవరికి హన్నా గురించి చెప్పినా మొట్టమొదట పట్టుకునేది ఆ ముక్కనే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఆమె నీలానికి పెట్టిన పేరే 'పొట్‌బ్లో', అంటే మూత్రపు కుండ నీలం. నీలిమందు నీళ్లలో కరగదు. కరగనిది పోగులోకి ఎక్కదు. కరగాలంటే దాన్ని క్షారంలో పులియబెట్టాలి. నిలవ మూత్రంలో యూరియా అమ్మోనియాగా మారుతుంది, క్షారం దొరికింది. అందులో పెరిగే సూక్ష్మజీవులు నీలిమందుని రంగులేని, కరిగే రూపంలోకి దించుతాయి. వెచ్చగా ఉంచి కొన్నాళ్లు ఓపిక పడితే బాన 'పండుతుంది'. అప్పుడు ఉన్ని చిలపని ముంచి తీస్తే పసుపుపచ్చగా, ఆకుపచ్చగా బయటికొస్తుంది. గాలి తగిలిన కొద్దీ కళ్లముందే నీలమవుతుంది. ముంచడం, ఆరబెట్టడం, మళ్లీ ముంచడం. ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు.

మన వైపు కూడా నీలి బాన పులియబెట్టినదే. ఇక్కడ సున్నం, తగిరిస అనే మొక్క గింజలు వేసేవారు. నూలుకి సున్నం ఘాటు ఫర్వాలేదు. ఉన్ని జంతువు వెంట్రుక, ఘాటైన క్షారంలో పెళుసెక్కిపోతుంది. పాత మూత్రం ఉన్నికి సరిపడినంత మెత్తటి క్షారం. చలిదేశాల పల్లెల్లో ఉన్నికి నీలం వేయడానికి శతాబ్దాలుగా వాడిన పద్ధతే ఇది, హన్నా కనిపెట్టింది కాదు. ఆమె చేసిందల్లా మొహమాటం వదిలేయడం. బాన నిండాలంటే ఇంట్లో ముగ్గురు చాలరు కదా. ఇంటికొచ్చిన మగ అతిథులు కూడా బకెట్‌లో తమ వంతు పోసి పోవాల్సిందే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కాఫీ తాగి ఊరికే వెళ్లిపోవడం ఆ ఇంట్లో కుదరదు.

మిగతా రంగులు చుట్టుపక్కల నేల నుంచే. భూర్జ చెట్టు ఆకుల్ని పటికతో ఉడికిస్తే పసుపు. హెదర్ పొదలు, నాచు, బెరడు నుంచి రకరకాల పచ్చలు, మట్టిరంగులు. రాళ్ల మీద అట్టలు కట్టే లైకెన్ నుంచి తుప్పురంగు గోధుమ. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఉంది చూశారూ, అది కూడా లైకెనే, దాని దగ్గరి చుట్టమే ఇది. దీనికి పటిక కూడా అక్కర్లేదు, ఉడికిస్తే చాలు. ఎరుపుకి మంజిష్ఠ జాతి వేరు. నీలిమందు, ఆ వేరు మటుకు బయటి నుంచి రావాల్సిందే.

అంత మారుమూల ఉండి ప్రపంచ రాజకీయాలు ఎలా పట్టించుకుంది?

పేపరు చదివి. అందరిలాగే. చదివి పక్కన పడేయలేకపోవడమే ఆమె తత్వం. హన్నాది వామపక్షం, యుద్ధమంటే పడదు. ఆమె మగ్గానికెక్కినవి ఎక్కువగా అప్పటికప్పుడు జరుగుతున్న సంగతులు. చరిత్ర తీర్పు వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత విగ్రహం పెట్టే పద్ధతి కాదు ఆమెది.

1933లో నేసిన 'అప్పుల సముద్రంలో చేపల వేట'తో ఈ వరస గట్టిగా మొదలైంది. ఆర్థిక మాంద్యంలో నార్వే రైతులు అప్పుల్లో మునిగిపోతున్న కాలం. నీళ్లలో మనుషులు, పైన వాళ్ల మీద వల వేసేవాళ్లు. పల్లెలో అప్పు ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఊళ్లోనే ఉంది.

ముస్సోలినీ తలని మడిచిపెట్టారన్న కథ ఏమిటి?

1935 అక్టోబరులో ఇటలీ సైన్యం ఎథియోపియా మీద పడింది. నానాజాతి సమితి ఆపలేకపోయింది. హన్నా అదే ఏడు 'ఎథియోపియా' నేసింది. అడ్డంగా సాగే పొడుగాటి బట్ట. చక్రవర్తి హైలే సెలాసీ ఉంటాడు. ఒక చివర నల్లజాతి యోధుడు ఈటె ఎత్తి పట్టుకుని ఉంటాడు. ఈటె కొసకి గుచ్చి ఉన్నది ముస్సోలినీ తల.

1937లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. నార్వే మంటపంలో ఈ బట్ట పెట్టారు. పెట్టారు గానీ, ఇటలీకి కోపం వస్తుందేమోనని ఆ తలకాయ ఉన్న భాగాన్ని వెనక్కి మడిచేశారు. పెయింటింగ్ అయితే ఈ వేషం కుదరదు, తీసి పక్కన పెట్టాలి, నలుగురికీ తెలుస్తుంది. బట్టకి ఆ సుఖం ఉంది, మడిస్తే సరి.

అదే ప్రదర్శనలో స్పెయిన్ మంటపంలో, విమానాల బాంబులకి నేలమట్టమైన ఊరి మీద పికాసో వేసిన 'గెర్నికా' ఉంది. అది లోకమంతా చుట్టి వచ్చింది. హన్నా బట్ట మడత మీదే ఇంటికి వచ్చింది. ఇద్దరినీ పోల్చి ఎవరు గొప్ప అని అడగడం నాకు అంత ఆసక్తిగా అనిపించదు. కానీ నగరాల మీద, పల్లెల మీద విమానాలతో బాంబులు కురిపించడం గురించి గెర్నికా కన్నా ముందే ఎథియోపియాకి తెలుసు. ఆ దేశం గోడుని మగ్గానికెక్కించింది ఓర్లాండె ఆడమనిషి. ఇది మాత్రం గుర్తుంచుకోదగ్గది.

నాజీల గురించి ఏమేం నేసింది?

చాలా. మూడు చెప్తాను.

'కలల చావు', 1936. నాజీల చెరలో ఉన్న జర్మన్ పాత్రికేయుడు కార్ల్ ఫొన్ ఒసియెట్‌స్కీ గురించి. జర్మనీ చాటుగా ఆయుధాలు పోగేస్తున్న సంగతి బయటపెట్టిన మనిషి. 1935 నోబెల్ శాంతి బహుమతి ఆయనకి 1936లో ప్రకటించింది నార్వే కమిటీయే. హిట్లర్ మండిపడి ఇకమీదట జర్మన్లెవరూ నోబెల్ తీసుకోకూడదన్నాడు. ఒసియెట్‌స్కీ 1938లో నిర్బంధంలోనే చనిపోయాడు.

'హిట్లర్ బట్ట', అదే ఏడు నేసింది. పేరే చెప్తోంది కాబట్టి ముందుకి పోదాం.

'లీసెలొటె హెర్మన్ శిరచ్ఛేదం', 1938. ఇది చూసి తల తిప్పుకోవడం నాకు కష్టం. లీసెలొటె జర్మన్ కమ్యూనిస్టు, నాలుగేళ్ల కొడుకున్న తల్లి. ఆయుధాల తయారీ గుట్టు బయటికి చేరవేసిందని కేసు. 1938 జూన్ 20న బెర్లిన్‌లోని ప్లొట్సెన్‌సే జైలులో తల నరికారు. ఇరవై ఎనిమిదేళ్లు దాటి ముప్పై నిండని పిల్ల. ఏడాది తిరక్కముందే ఓర్లాండెలో ఆమె బట్ట తయారైంది. హన్నాకీ ఒక కూతురుంది, అప్పటికి పద్నాలుగేళ్లు.

జర్మన్లు నార్వేని ఆక్రమించాక ఈమెని ఎలా వదిలేశారు?

1940 ఏప్రిల్‌లో జర్మన్లు వచ్చారు. వచ్చింది సరాసరి ఆమె గుమ్మం ముందుకే. ఫ్యోర్డ్ ముఖద్వారం కాబట్టి ఓర్లాండె వాళ్లకి కీలకం. అక్కడ విమానాశ్రయం కట్టారు. దగ్గర్లోని ఆస్ట్రోట్‌లో గ్నైసెనావ్ యుద్ధనౌక మీది ఫిరంగి గోపురాన్ని ఊడదీసి తెచ్చి కొండలో దింపారు. యుగోస్లావియా నుంచి, ఇతర చోట్ల నుంచి పట్టుకొచ్చిన ఖైదీలతో ఆ పనులు చేయించారు. అంటే హన్నా పేపర్లో చదివినదంతా పొలంగట్టు మీదికి వచ్చేసింది.

1942 అక్టోబర్ 6న జర్మన్ పాలకుడు యోసెఫ్ టెర్బోవెన్ ట్రోన్‌హైమ్ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ప్రతిఘటన దళాల చర్యలకి 'ప్రాయశ్చిత్తం' అని చెప్పి ఊళ్లో పేరున్న పదిమందిని ఆ రోజే కాల్చి చంపారు. నాలుగైదు రోజుల్లో చనిపోయినవాళ్లు మొత్తం 34 మంది. మొదటి పదిమందిలో ఒకడు హెన్రీ గ్లెడిట్ష్, ట్రోన్‌హైమ్ నాటకశాల డైరెక్టరు.

1943లో, ఆక్రమణ నడుస్తుండగానే, హన్నా 'అక్టోబర్ 6, 1942' నేసింది. నాలుగు మీటర్ల పొడవు. గ్లెడిట్ష్‌ని కాల్చడం ఉంది. హిట్లర్ గాల్లో తేలుతుంటాడు, వెనక భాగం నుంచి ఓక్ ఆకులు మొలిచి ఉంటాయి. ఓక్ ఆకు జర్మన్ సైన్యపు పతకాల్లో పెద్ద గౌరవం. ఆ గౌరవం ఎక్కడ ఉండాలో ఆమె అక్కడే పెట్టింది. చర్చిల్ ఒక కోటలో ఉంటాడు. హన్నా, హాన్స్, మోనా అలల్లో ఒక పడవలో ఉంటారు. ఊరి చావు, ప్రపంచ యుద్ధం, తన ఇల్లు, మూడూ ఒకే పడుగు మీద.

దొరికితే ఏమయ్యేదో వేరే చెప్పాలా? అయినా తన టాపెస్ట్రీలు దండెం మీద బయట వేలాడదీసేదని, జర్మన్ సైనికులు ఆ దారినే వెళ్లేవారని చెప్పుకుంటారు. దండెం మీద ఆరే బట్టని ఏ సైనికుడు నిలబడి చదువుతాడు?

కుటుంబం మాత్రం తప్పించుకోలేదు. 1944లో హాన్స్‌ని అరెస్టు చేసి ఓస్లో దగ్గరి గ్రీనీ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945లో హన్నా 'గ్రీనీ' నేసింది. యుద్ధం ముగిశాక హాన్స్ తిరిగొచ్చాడు.

ఎప్పుడూ రాజకీయాలేనా?

కాదు. 1934లో 'మేమూ మా పశువులూ' నేసింది. 1947లో 'తల్లి గుండె' నేసింది, జబ్బుపడ్డ కూతురి గురించి. ప్రేమ గురించి, తన గురించి, హాన్స్ గురించి నేసినవి ఉన్నాయి. అణుబాంబు భయం మీద యాభైల్లో 'అణు దొర' అని ఒకటి.

నిజానికి ఆమె ఈ రెంటినీ విడదీసి చూడలేదనుకుంటాను. యుద్ధం బొమ్మలో తన పడవ ఉంటుంది. తల్లి గుండె బొమ్మ యుద్ధం బొమ్మంత పెద్దది. చాలామంది చిత్రకారులు ఇంటి సంగతికి చిన్న కాన్వాసు, దేశం సంగతికి పెద్ద కాన్వాసు తీస్తారు. ఆ కొలతలు ఆమె దగ్గర లేవు.

2011 బాంబు పేలుడులో చిరిగిన టాపెస్ట్రీ ఈమెదేనా?

అవును. 'మనం ఒక నక్షత్రం మీద బతుకుతున్నాం', 1958. ఓస్లోలో ప్రభుత్వ కార్యాలయాల కొత్త బహుళ అంతస్తుల భవనం కోసం నేయించుకున్నారు. నాలుగు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. నీలాల నడుమ నగ్నంగా ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఒకరినొకరు పట్టుకుని. ప్రధానమంత్రి కార్యాలయం ఉన్న భవనం కింది అంతస్తులో యాభై ఏళ్లు పైగా వేలాడింది. ఫైళ్లు పట్టుకుని వెళ్లేవాళ్లందరూ దాని ముందునుంచే వెళ్లారు.

2011 జూలై 22న ఒక కుడిపక్ష (ఫార్-రైట్) తీవ్రవాది ఆ భవనం ముందు కారు బాంబు పేల్చాడు. అక్కడ 8 మంది, ఆ తర్వాత ఊటోయా ద్వీపంలో 69 మంది, మొత్తం 77 మంది చనిపోయారు. టాపెస్ట్రీ కింది భాగం చిరిగింది. గాజుపెంకుల్లోంచి దాన్ని తీసి శుభ్రం చేసి కుట్టారు. కుట్టు కనపడకుండా చేసే నైపుణ్యం వాళ్ల దగ్గర లేక కాదు, ఆ చిరుగు గుర్తు కనపడుతూనే ఉంది. ఫాసిజం మీద జీవితమంతా నేసిన మనిషి బట్ట, ఆమె పోయిన నలభై ఏళ్లకి, ఆ కోవ మనిషి చేతిలోనే గాయపడింది. ఇలాంటిది కథలో రాస్తే అతికినట్టు లేదంటారు.

వియత్నాం మీద కూడా నేసిందా?

1966లో 'గడ్డిలో నెత్తురు'. అప్పటికి ఆమెకి 72 ఏళ్లు. ఒక పక్క అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, నెత్తిన కౌబాయ్ టోపీ, దగ్గర కుక్క. మిగతా బట్టంతా పచ్చటి మడులు, మడుల గట్ల వెంట ఎరుపు పారుతుంటుంది. వరిపొలం చూసి పెరిగినవాళ్లకి ఆ గళ్లు ఏమిటో వేరే చెప్పాల్సిన పనిలేదు. బెర్గెన్‌లోని కోడె మ్యూజియంలో ఉంది.

ఇవన్నీ అమ్మి బాగా సంపాదించిందా?

లేదు. డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూములకి పోవడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. పదిమంది తిరిగే చోట, ప్రభుత్వ భవనాల్లో, మ్యూజియాల్లో ఉండాలని కోరుకుంది. ఆ పట్టుదల వల్లే ఇవాళ చాలావరకు అందరూ చూడగలిగే చోట ఉన్నాయి. ఆ పట్టుదల వల్లే ఇంట్లో ఏళ్ల తరబడి ఇబ్బంది కూడా. 1956లో హాన్స్ పోయాక కమతం వదిలి ట్రోన్‌హైమ్ చేరింది.

మరి ఇన్నాళ్లూ బయటి దేశాల్లో పేరెందుకు వినపడలేదు?

బతికుండగా బొత్తిగా తెలియని మనిషేమీ కాదు. 1964లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో నార్వే తరఫున ఆమె పని పెట్టారు. కానీ నేత అంటే 'హస్తకళ', ఆడవాళ్ల పని, అలంకారం అనే గిరి అక్కడా ఉంది. గోడకి వేలాడేది కాన్వాసయితే కళ, ఉన్నయితే తివాచీ. మ్యూజియంలో కూడా ఆమె పని ఎక్కువభాగం చేరింది కళాపరిశ్రమల మ్యూజియానికే. మన దగ్గర కూడా అంతే కదా. చీర నేసినవాడి పేరు చీర మీద ఎప్పుడైనా చూశారా?

2012లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగే డాక్యుమెంటా ప్రదర్శనలో ఆమె టాపెస్ట్రీలు పెట్టారు. దాంతో గాలి తిరిగింది. ఓస్లో, మాల్మో, ఆక్స్‌ఫర్డ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో వరసగా పెద్ద ప్రదర్శనలు జరిగాయి. 2016 నుంచి ట్రోన్‌హైమ్‌లో ఆమె పేరు మీద మూడేళ్లకోసారి కళాప్రదర్శన నడుపుతున్నారు.

నార్వేలో ఇంకెవరూ టాపెస్ట్రీ నేయలేదా?

అది వాళ్ల పాత విద్య. 1904లో తవ్విన ఓసెబెర్గ్ ఓడ సమాధిలో, తొమ్మిదో శతాబ్దపు మనుషులు, బళ్లు, గుర్రాలున్న బొమ్మనేత ముక్కలు దొరికాయి. మధ్యయుగానికి చెందిన బాల్డిషోల్ టాపెస్ట్రీ 1879లో ఒక పాత చర్చిలో బయటపడింది, మట్టి కొట్టుకుపోయి. ఏప్రిల్, మే నెలల బొమ్మలు దాని మీద ఉన్నాయి.

హన్నా కన్నా ముందు తరంలో పెద్ద పేరు ఫ్రీడా హాన్సెన్ (1855–1931), స్టవాంగెర్ మనిషి. అక్కడక్కడ పడుగుని నేయకుండా ఖాళీ వదిలి, వెలుతురు దూరేలా నేసే పద్ధతి కనిపెట్టి 1897లో పేటెంటు తీసుకుంది. 1898 నాటి ఆమె 'పాలపుంత' చూస్తే పట్టు పరదాలా తేలిపోతుంది. ఆమెకి 1900 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. హన్నాది పూర్తిగా మరో దారి. ఫ్రీడా బట్టలో గాలి ఆడుతుంది, హన్నా బట్టలో నేల బరువుంటుంది. నా ఓటు హన్నాకే, కానీ పనితనం వరకే చూస్తే ఫ్రీడాని మించినవాళ్లు తక్కువ.

ఎక్కడ చూడొచ్చు?

అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ట్రోన్‌హైమ్‌లోని నూర్డెన్‌ఫెల్‌స్కె కళాపరిశ్రమల మ్యూజియం సేకరణలో. ఓస్లో నేషనల్ మ్యూజియంలో, బెర్గెన్ కోడెలో, ఓర్లాండెలోని బ్రెక్‌స్టాడ్‌లో కూడా ఉన్నాయి. నార్వేలో చదువుకో ఉద్యోగానికో ఉన్న మనవాళ్లు వెళ్లేముందు ఏది గోడ మీద ఉందో కనుక్కుని వెళ్లండి. మొక్కల రంగు వెలుతురుకి వెలుస్తుంది కాబట్టి వీటిని ఏడాది పొడుగునా వేలాడదీయరు, కొన్నాళ్లు చీకట్లో పడుకోబెడతారు.

హన్నా కమతం ఉన్న ఓర్లాండెలో ఇప్పుడు నార్వే వైమానిక దళం ఎఫ్-35 యుద్ధవిమానాల స్థావరం ఉంది. జర్మన్లు వేసిన విమానాశ్రయమే పెరిగి పెద్దదయింది.

చూసేటప్పుడు ఏం గమనించాలి?

ముందు దూరం నుంచి కథ చూడండి. తర్వాత దగ్గరికెళ్లి కథ మరిచిపోండి. ఒక నీలం పట్టీ మీద కళ్లు నిలపండి. అది ఒక్క నీలం కాదు. చేత్తో వడికిన పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం, లావుచోట రంగు ఒకలా, సన్నంచోట ఇంకోలా పట్టింది. ఒక బానలో ముంచిన చిలప అయిపోయి ఇంకో బాన చిలప మొదలైన గీత కూడా కనపడుతుంది. మిల్లు ఉన్నితో నేస్తే ఆ నీలం గోడకి వేసిన పెయింటులా చదునుగా ఉండేది. ఆ తర్వాత కళ్లు చూడండి, ఆమె నేసిన మనుషుల కళ్లు. కనుపాప నాలుగైదు పోగులే.

ఆ నీలం ఇప్పటికీ వాసన వస్తుందా?

ఈ ప్రశ్న అందరూ చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. రాదు. రంగు వేశాక ఉన్నిని నీళ్లలో చాలాసార్లు జాడించి, గాలికి ఆరేస్తారు.